ఇంటి దొంగ దొరికాకే ధ్రువాల దొంగ

ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "మాది ఒంగోలు. చెన్నైలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేస్తున్నాను. సెమినార్ కోసం పీఫాస్ (నాన్‌స్టిక్, మరక అంటని పూతల తయారీలో వాడే ఫ్లోరిన్ రసాయనాల కుటుంబం) గురించి చదువుతుంటే ఆర్కిటిక్, అంటార్కిటికా గాలిలోనూ మంచులోనూ ఇవి ఉన్నాయని కనిపించింది. అక్కడ ఫ్యాక్టరీలు లేవు, ఊళ్ళు లేవు. పైగా పీఎఫ్ఓఏ లాంటి యాసిడ్లు గాలిలో ఆవిరిగా తిరిగే రకం కాదని మా మేడమ్ అంటారు. మరి అంతదూరం ఎలా వెళ్ళాయి? కొలిచినవాళ్ళ పరికరాల్లోంచే వచ్చి ఉండవచ్చు కదా? ఇలాంటి ప్రాజెక్టు చెన్నైలో చేయవచ్చా? అమ్మ ఇప్పటికే నాన్‌స్టిక్ పెనం పారేసింది, ఇంట్లో అదొక టెన్షన్."

అమ్మా, మీ మేడమ్ చెప్పింది నిజం. మీకు వచ్చిన అనుమానం ఇంకా మంచిది, దాన్ని వదులుకోకండి. నేను నెల్లూరు నుంచి వచ్చి ఇరవై రెండేళ్ళుగా చెన్నైలోనే ఉంటున్నాను. నీళ్ళలో, మట్టిలో, గాలిలో అతి తక్కువ మోతాదులో ఉండే రసాయనాలను కొలవడమే నా ఉద్యోగం. ధ్రువాలకు ఎప్పుడూ వెళ్ళలేదు. అక్కడి ఫలితాలు చదివి, వాటిని నమ్మాలా వద్దా అని మా ల్యాబ్‌వాళ్ళతో వాదించుకోవడం మాత్రం చాలా చేశాను. అందుకే జవాబు పెద్దదవుతుంది, తీరిగ్గా చదవండి.

పెనం సంగతి ముందే తేల్చేద్దాం. పూత లేచిపోతే మార్చండి, ఖాళీ పెనాన్ని మంట మీద వదిలేయకండి. అంతకు మించి కంగారు అక్కర్లేదు. పీఎఫ్ఓఏ అనేది ఆ పూతను ఫ్యాక్టరీలో తయారుచేసేటప్పుడు వాడిన సాయం సరుకు. లోకంలోకి ఎక్కువగా వదిలింది ఆ ఫ్యాక్టరీలే, మీ అమ్మగారి వంటిల్లు కాదు.

ఇక అసలు విషయం. మీ ప్రశ్నలో ఒక ఊహ దాగి ఉంది. అక్కడ దొరికిన పదార్థమే అక్కడిదాకా ప్రయాణం చేసిందని మీరు అనుకుంటున్నారు. గాలి దారిలో చాలావరకు అలా జరగదు. బయల్దేరేది ఒకటి, చేరేది ఇంకొకటి.

బయల్దేరేవాటిలో ముఖ్యమైనవి ఫ్లోరోటెలోమర్ ఆల్కహాళ్ళు. మరక అంటని బట్టలకు, నూనె పీల్చని కాగితానికి, తివాచీలకు వేసే పూతల తయారీలో వీటిని వాడతారు. చర్యలో పాల్గొనకుండా మిగిలిపోయిన కొంత ఆల్కహాల్ ఆ సరుకులోనే ఉండిపోయి మెల్లగా ఆవిరవుతుంది. వీటికి 8:2 అనీ 6:2 అనీ పేర్లు ఉంటాయి. 8:2 అంటే ఎనిమిది కార్బన్ల మీద ఫ్లోరిన్, చివరి రెండింటి మీద హైడ్రోజన్. యాసిడ్‌కు లేని గుణం దీనికి ఉంది, హాయిగా గాలిలో తేలుతుంది. నీళ్ళలో పెద్దగా కరగదు కాబట్టి వానకు కూడా అంత సులువుగా కిందికి రాదు.

గాలిలో దీన్ని విరిచేది హైడ్రాక్సిల్ రాడికల్, దేన్నైనా ఇట్టే పట్టుకునే చురుకైన అణుముక్క. అది పుట్టాలంటే ఎండ కావాలి, ఓజోన్ కావాలి, నీటి ఆవిరి కావాలి. మామూలు పరిస్థితుల్లో ఈ ఆల్కహాల్ ఆయుష్షు పది నుంచి ఇరవై రోజులు. చెన్నై నుంచి నార్వేవాళ్ళ స్వాల్‌బార్డ్ దీవులు దాదాపు 8,000 కిలోమీటర్లు. గాలి సరిగ్గా కుదిరితే రెండు మూడు వారాల్లో అంతదూరం పోవడం వింతేమీ కాదు. శీతకాలంలో అక్కడ నెలల తరబడి సూర్యుడు కనిపించడు. ఎండ లేకపోతే హైడ్రాక్సిల్ లేదు, హైడ్రాక్సిల్ లేకపోతే ఈ ఆల్కహాల్‌ను విరిచేవాళ్ళు లేరు. మళ్ళీ పొద్దు పొడిచే కాలానికి పని మొదలవుతుంది.

విరిగినప్పుడు ఏమవుతుందో చూడండి. రాడికల్ దాడి చేసేది హైడ్రోజన్ ఉన్న కొసనే. ఫ్లోరిన్ ఉన్న వైపును అది ఏమీ చేయలేదు, కార్బన్-ఫ్లోరిన్ బంధం అంత గట్టిది. చింత చచ్చినా పులుపు చావదన్నట్టు, ఆల్కహాల్ పోయినా ఫ్లోరిన్ తోక మిగిలిపోతుంది. ఆ తోకకు చివర యాసిడ్ గుంపు తగులుకుంటే అదే మీ మేడమ్ చెప్పే ఆవిరి కాని పీఎఫ్ఓఏ. గాలిలో పుట్టిన వెంటనే మంచుకో ధూళికో అంటుకుని కిందికి దిగిపోతుంది. అంటే అది అక్కడికి ప్రయాణం చేయలేదు, అక్కడే పుట్టింది.

నాకు ఈ కథలో అన్నింటికంటే నచ్చే ముక్క ఇంకొకటి ఉంది. ఆ ఆల్కహాల్ విరిగే దారిలో మధ్యలో ఒక పెరాక్సీ రాడికల్ వస్తుంది. చుట్టూ బండ్ల పొగలో వచ్చే నైట్రిక్ ఆక్సైడ్ ఎక్కువగా ఉంటే, అంటే మన అన్నా సాలై మీద సాయంత్రం ఆరు గంటల గాలి లాంటిదైతే, ఆ రాడికల్ ఒక్కో కార్బన్‌ను వదులుకుంటూ జిప్పు ఊడినట్టు ఊడిపోతుంది, యాసిడ్ తక్కువగా తయారవుతుంది. నైట్రిక్ ఆక్సైడ్ లేని శుభ్రమైన గాలిలో అయితే వేరే దారి పడుతుంది, యాసిడ్ ఎక్కువగా వస్తుంది. టొరంటో విశ్వవిద్యాలయంలో స్కాట్ మేబరీ బృందం 2004లో ఈ దారిని ప్రయోగాలతో చూపించింది. గాలి ఎంత శుభ్రంగా ఉంటే ఈ యాసిడ్ పుట్టడానికి అంత అనువుగా ఉంటుందన్నమాట. "అక్కడ కాలుష్యం లేదు కదా, మరి ఎలా?" అన్న ప్రశ్నకు జవాబులో సగం ఇదే.

ఇదంతా గ్లాసు పాత్రలో జరిగిన కెమిస్ట్రీ, నిజంగా ధ్రువాల దగ్గర ఇదే జరుగుతోందని ఎలా చెప్తారు అంటారా? ఆ కెమిస్ట్రీ ఒక ముద్ర వదిలి వెళ్తుంది. 8:2 ఆల్కహాల్ గాలిలో విరిగితే ఎనిమిది కార్బన్ల యాసిడ్ (అదే పీఎఫ్ఓఏ), తొమ్మిది కార్బన్ల యాసిడ్ రెండూ వస్తాయి, దాదాపు జంటగా. 10:2 విరిగితే పది, పదకొండు. ఫ్యాక్టరీ గొట్టంలోంచి సూటిగా వచ్చిన సరుకులో ఈ జంటలు ఇలా ఉండవు. కెనడా ఉత్తరాన డెవాన్ దీవి మంచు టోపీ మీద తవ్వి తీసిన మంచులో ఎనిమిది-తొమ్మిది, పది-పదకొండు ఇలా జతలు జతలుగానే పెరుగుతూ తగ్గుతూ కనిపించాయి. అక్కడ మనుషులు ఉండరు, దగ్గర్లో నది లేదు, ఆకాశం నుంచి పడిందే తప్ప వేరే దారి లేదు. ఆ మంచు పొరల్లో 1977 నుంచి 2015 దాకా లెక్క ఉంది.

దక్షిణాన కూడా ఇలాంటి లెక్క దొరికింది. అంటార్కిటికా లోపలి పీఠభూమి మీద, సముద్రానికి బాగా దూరంగా తీసిన మంచులో 1958 నుంచి 2017 వరకు ఈ యాసిడ్లు పెరుగుతూ వచ్చినట్టు 2022లో ప్రచురించారు. కాకపోతే దక్షిణార్ధగోళపు గాలి, ఉత్తరార్ధగోళపు గాలి బాగా కలవాలంటే ఏడాది దాకా పడుతుంది. ఇరవై రోజులు బతికే ఆల్కహాల్ భూమధ్యరేఖ దాటి అంటార్కిటికా చేరేది చాలా తక్కువ. అక్కడికి చేరేది ఎక్కువగా ఆ అర్ధగోళంలో విడుదలైందే, లేదా గాలిలో ఎక్కువ కాలం బతికే వేరే గ్యాసుల నుంచి పుట్టింది.

సముద్రం దారి కూడా ఉంది, దాన్ని తీసిపారేయలేం. ఫ్యాక్టరీల నుంచి నదుల్లోకి, నదుల నుంచి సముద్రంలోకి వెళ్ళిన పీఎఫ్ఓఏ, అదే కుటుంబంలోని పీఎఫ్ఓఎస్ సముద్ర ప్రవాహాలతో ఉత్తరానికి చేరడానికి దశాబ్దాలు పడుతుంది. చేరినవి నీళ్ళలోనే ఉండిపోవు. 2019 చివర్లో మెరీనా బీచ్ అంతా తెల్లని నురగ కమ్మితే పిల్లలు అందులో ఆడుకున్న ఫోటోలు చూసే ఉంటారు. అది మురుగు, డిటర్జెంట్ల వల్ల వచ్చిన నురగ అన్నారు. దాన్ని ఇక్కడ గుర్తుచేసింది వేరే కారణానికి. సబ్బు లాంటి అణువు నీటి లోపల ఉండదు, పైకి వచ్చి గాలి బుడగ చుట్టూ చేరుతుంది. పీఫాస్ యాసిడ్లు కూడా సబ్బు జాతివే. అల విరిగి బుడగలు పగిలినప్పుడు ఎగిరే తుంపరలో, మామూలు సముద్రపు నీటితో పోలిస్తే ఇవి కొన్ని వేల రెట్లు చిక్కగా ఉంటాయి. స్టాక్‌హోమ్ విశ్వవిద్యాలయంవాళ్ళు ముందు ల్యాబ్ తొట్టిలో, తర్వాత నార్వే తీరంలోని ఆండోయా దగ్గర గాలిలో దీన్ని కొలిచారు. గాలిలో సోడియం, అంటే సముద్రపు ఉప్పు, పెరిగినప్పుడల్లా ఈ యాసిడ్లు కూడా పెరిగాయి.

కాబట్టి తీరానికి దగ్గరి నమూనాలో సోడియం చూడకుండా "గాలి రవాణా" అని రాసేస్తే నేను ఒప్పుకోను. సోడియంతో కలిసి నడిస్తే సముద్రపు తుంపర, సోడియంతో సంబంధం లేకుండా జంటలు జంటలుగా వస్తే ఆల్కహాల్ విరగడం. రెండూ కలిసి ఉండే చోట్లు కూడా ఉంటాయి, అక్కడ విడదీయడం కష్టమే.

ఇప్పుడు మీ అనుమానానికి వస్తాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా పనిలో ఆ సామెతను గోడ మీద రాసి పెట్టుకోవాలి.

పదేళ్ళ కిందటి మాట. అప్పుడు నేను పనిచేస్తున్న ల్యాబ్‌లో కొన్ని బోరు నీళ్ళ నమూనాలు కొలిస్తే అన్నింట్లో పీఎఫ్ఓఏ వచ్చింది. అన్నింట్లో దాదాపు ఒకే అంకె. రిపోర్టు సగం రాసేశాక ఒక జూనియర్ అమ్మాయి, "సర్, ఉత్త నీళ్ళు ఎక్కించినా ఇదే వస్తోంది" అంది. ఆరు వారాలు వెతికాం. ఒకరు సీసాలు అన్నారు, ఒకరు మెథనాల్ అన్నారు. ఒకాయన నా చొక్కాను కూడా అనుమానించాడు. చివరికి ఇద్దరు దొంగలు దొరికారు. ఒకటి, మెషీన్ పంపులో ఉన్న సన్నని టెఫ్లాన్ గొట్టాలు, నాన్‌స్టిక్ పూత సరుకే అది. రెండు, శుద్ధి నీళ్ళ ప్లాంటు దగ్గర ప్లంబర్ పైపు మరకు చుట్టిన తెల్ల టెఫ్లాన్ టేపు. పది రూపాయల టేపు! తప్పు ప్లంబర్‌ది కాదు. బ్లాంక్‌ను, అంటే ఇలాంటి ఉత్త నీళ్ళ నమూనాను, నెలకొకసారి చూస్తే చాలని నిర్ణయించింది నేనే.

గొట్టాల సమస్యకు ఒక చక్కని ఉపాయం ఉంది. పంపుకూ నమూనా ఎక్కించే చోటుకూ మధ్య రసాయనాలను విడదీసే ఇంకో చిన్న గొట్టం (కాలమ్) పెడతారు, డిలే కాలమ్ అంటారు. మెషీన్ లోపలి నుంచి వచ్చే పీఎఫ్ఓఏ అందులో ఇరుక్కుని ఆలస్యంగా బయటికి వస్తుంది. నమూనాలోది ముందు వస్తుంది. తెర మీద రెండు శిఖరాలు విడివిడిగా కనిపిస్తాయి, ఏది ఎవరిదో తెలిసిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు ఆరు వారాల నిద్ర ఒక్కసారిగా వచ్చింది నాకు.

మామూలు ల్యాబ్‌లోనే ఇంత గొడవ అయితే ధ్రువాల దగ్గర ఊహించుకోండి. అక్కడి గాలిలో ఉండేవి ఘనపు మీటరుకు పికోగ్రాముల లెక్కలో. ఒక గ్రాములో లక్ష కోట్ల పికోగ్రాములు. ఉదాహరణకు ఘనపు మీటరుకు ఒక పికోగ్రాము ఉందనుకుందాం. రోజుల తరబడి పంపు నడిపి 500 ఘనపు మీటర్ల గాలి లాగితే మీ చేతికి దక్కేది 500 పికోగ్రాములు. ధూళి పట్టే ఫిల్టర్, దాని వెనక ఆవిరి పట్టే ఫోమ్, రెజిన్ పొరలు, వీటన్నింటినీ కడిగిన ద్రవంలో ఉండేది అంతే. ఖాళీ ఫిల్టర్‌లోనే 300 వస్తే మీరు ఏం చెప్పగలరు? అందుకే నికార్సైన పేపర్లలో ముందు చూడాల్సింది ఫలితాల పట్టిక కాదు, బ్లాంక్ పట్టిక. ఫీల్డ్ బ్లాంక్ అంటే గాలి లాగకుండా, మిగతా ప్రయాణమంతా నమూనాతో పాటు చేసి వచ్చిన ఫిల్టర్. ఖాళీల సగటుకు వాటి హెచ్చుతగ్గుల మూడు రెట్లు కలిపి, దాన్ని దాటితేనే "ఉంది" అని రాస్తారు. అది కనిపించని పేపర్‌ను నేను మూసేస్తాను.

కొలిచే మనుషులు కూడా సమస్యే. నీళ్ళు అంటని జాకెట్లు, తడవని నోటు పుస్తకాలు, విమానాశ్రయాల్లో వాడే మంటలార్పే నురగ, అన్నీ ఈ జాతివే. స్వాల్‌బార్డ్‌లో నీ-ఓలెసుండ్ అనే చిన్న పరిశోధన ఊరు ఉంది. మన దేశపు హిమాద్రి స్టేషన్ 2008 నుంచి ఉన్నది అక్కడే. ఆ ఊళ్ళో మంటలార్పే శిక్షణ ఇచ్చే చోటు చుట్టుపక్కల పీఫాస్ ఎక్కువగా ఉన్నట్టు 2019లో బయటపెట్టారు. అంటే పరిశోధన కోసం వెళ్ళినవాళ్ళే కాలుష్యానికి ఒక మూలం అయ్యారు. ఊరి కాలుష్యం తగలకుండా ఉండాలనే గాలి కొలిచే జెప్పెలిన్ అబ్జర్వేటరీని ఊరికి పైన 474 మీటర్ల ఎత్తున కొండ మీద పెట్టారు. అంటార్కిటికాలో జర్మనీవాళ్ళ నాయ్‌మాయర్ స్టేషన్‌లో అయితే గాలి కొలిచే గది స్టేషన్‌కు దక్షిణంగా ఒకటిన్నర కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. స్టేషన్ పొగ అటు రాకుండా చూసుకుంటూ నమూనాలు తీస్తారు.

ఇవన్నీ దాటి, వేర్వేరు దేశాలవాళ్ళు, వేర్వేరు ల్యాబ్‌లలో, వేర్వేరు పరికరాలతో కొలిచినా అవే జంటలు, అవే ఏళ్ళలో పెరుగుదల కనిపిస్తున్నాయి. టెఫ్లాన్ గొట్టం కలుషితం చేస్తే 1980 మంచు పొరనూ 2010 మంచు పొరనూ ఒకేలా చేస్తుంది, ఏళ్ళ ప్రకారం మెట్లు కట్టదు. నేను నమ్మింది ఆ మెట్లు చూశాకే.

పై కథంతా పొడుగు గొలుసుల, అంటే ఎక్కువ కార్బన్లున్న యాసిడ్లది. ఇప్పుడు అసలు తలనొప్పి పొట్టిదైన ట్రైఫ్లోరో ఎసిటిక్ యాసిడ్, వాడుకలో టీఎఫ్ఏ. దీనికీ మన కార్లకూ నేరుగా సంబంధం ఉంది. ఓజోన్ పొరను కాపాడటానికి 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత పాత సీఎఫ్‌సీ గ్యాసులు మానేసి కార్ల ఏసీల్లో ఆర్-134ఏ తెచ్చారు. మన మెకానిక్కులు "గ్యాస్ ఎక్కించాలి సార్" అనేది దాన్నే. ఒక కారులో సుమారు అరకిలో పడుతుంది. అది గాలిలో పద్నాలుగేళ్ళ దాకా బతుకుతుంది కాబట్టి గిండీలో లీకైనా గ్రీన్‌లాండ్‌లో లీకైనా ఒకటే, ప్రపంచమంతా కలిసిపోతుంది. భూమధ్యరేఖ దానికి అడ్డే కాదు. విరిగేటప్పుడు 7 నుంచి 20 శాతం అణువులు టీఎఫ్ఏ అవుతాయి. లెక్క వేస్తే అరకిలో గ్యాసుకు దాదాపు 40 నుంచి 110 గ్రాముల టీఎఫ్ఏ.

భూమి వేడెక్కుతోందని దీన్ని కూడా తగ్గిస్తూ కొత్తగా తెచ్చినది 1234వైఎఫ్. పన్నెండు రోజుల్లో విరిగిపోతుంది, వాతావరణానికి మంచిదే. కానీ విరిగినదంతా టీఎఫ్ఏ అవుతుంది. రెండింటి అణుభారమూ 114 కాబట్టి అరకిలో గ్యాసుకు అరకిలో టీఎఫ్ఏ! పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టు అంటే కొందరు ఒప్పుకోరు, ఇప్పుడున్న మోతాదుల్లో టీఎఫ్ఏ అంత ప్రమాదం కాదంటారు. అది కావచ్చు. నా బాధ వేరు. నీళ్ళలోంచి దాన్ని తీసేసే తేలికైన దారి లేదు, అది పోగవుతూనే ఉంటుంది. డెవాన్ మంచులో సీఎఫ్‌సీల బదులు గ్యాసులు వచ్చాక టీఎఫ్ఏ ఎలా ఎగబాకిందో 2020లో కెనడా పరిశోధకులు చూపించారు. మన ఇళ్ళల్లో కొత్త ఏసీల్లో వాడే ఆర్-32 నుంచి మాత్రం టీఎఫ్ఏ రాదు, అందులో మూడు ఫ్లోరిన్లు ఉన్న కార్బనే లేదు. ఫ్రిజ్‌ల్లో వచ్చే ఆర్-600ఏలో అసలు ఫ్లోరినే లేదు.

నిషేధాల గురించి క్లుప్తంగా చెప్తాను. 2001లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ నుంచి జాన్ గీసీ, మన తమిళనాడు నుంచి వెళ్ళిన కురుంతాచలం కన్నన్ కలిసి, అలాస్కా ధ్రువపు ఎలుగుబంట్లతో సహా లోకం నలుమూలల జంతువుల్లో పీఎఫ్ఓఎస్ ఉందని చూపించారు. దాని పెద్ద తయారీదారు అంతకు ముందు ఏడాదే మానేస్తామని ప్రకటించింది. మొండి విషాలను ప్రపంచమంతా అదుపు చేసే స్టాక్‌హోమ్ ఒప్పందంలోకి 2009లో పీఎఫ్ఓఎస్, 2019లో పీఎఫ్ఓఏ, 2022లో అదే కుటుంబపు పీఎఫ్‌హెచ్ఎక్స్ఎస్, 2025లో పొడుగు గొలుసుల యాసిడ్లు చేరాయి. ఒక్కొక్కటిగా పట్టుకుంటూ పోతుంటే పరిశ్రమ ఇంకోటి తెస్తుంది, ఇది నాకు చిరాకు. "ప్రపంచంలో ఎక్కడా వాన నీళ్ళు తాగలేం" అని 2022లో వచ్చిన వార్త కూడా జాగ్రత్తగా చదవాల్సినదే. అప్పుడు మారింది వాన కాదు, హద్దు. అమెరికావాళ్ళు పీఎఫ్ఓఏ సూచన హద్దును లీటరుకు 0.004 నానోగ్రాములకు దించారు, దాంతో అంటార్కిటికా మంచు కూడా దాటిపోయింది. 2024లో వాళ్ళే తాగునీటికి పెట్టిన చట్టబద్ధమైన హద్దు 4 నానోగ్రాములు.

మీ ప్రాజెక్టు చెన్నైలో తప్పకుండా చేయవచ్చు. చెంబరంబాక్కం చెరువు, అడయారు, బకింగ్‌హామ్ కాలువ నీళ్ళలో పీఫాస్ ఉన్నాయన్న ఐఐటీ మద్రాస్ అధ్యయనం 2024లో వార్తల్లోకి వచ్చింది. నీళ్ళ పని జరుగుతోంది కాబట్టి మీరు వాన పట్టుకోండి. మనకు దేవుడిచ్చిన సదుపాయం ఒకటుంది. ఆగస్టు, సెప్టెంబరు సాయంత్రం జల్లులు ఎక్కువగా నేల వైపు నుంచి వస్తాయి. అక్టోబరు తర్వాత ఈశాన్య రుతుపవనాల వానలు బంగాళాఖాతం మీంచి వస్తాయి. అదే మేడ మీద, అదే గిన్నెతో రెండూ పడితే నేల గాలి, సముద్రపు గాలి తేడా దానంతట అదే దొరుకుతుంది. ప్రతి నమూనాలోనూ సోడియం కూడా కొలవండి, ఎందుకో పైన చెప్పాను. తిరువాన్మియూరులో ఒక చోటు, తాంబరం వైపు ఒక చోటు పెట్టుకుంటే ఇంకా బాగుంటుంది.

సీసాలు, గిన్నె పాలీప్రొపిలీన్‌వే తీసుకోండి. మూత లోపల తెల్ల టెఫ్లాన్ బిళ్ళ ఉంటే వద్దు. మేడకు వాటర్‌ప్రూఫ్ పూత కొత్తగా వేసి ఉంటే ఇంకో మేడ చూసుకోండి. వాన నీళ్ళు ఫిల్టర్ చేయకండి, ఖాళీ చేశాక సీసాను మెథనాల్‌తో కడిగి ఆ కడుగు కూడా కలపండి, పొడుగు గొలుసులవి గోడకు అంటుకుంటాయి. గొడుగు గుడ్డకు కూడా నీళ్ళు అంటని పూత ఉంటుంది. కాబట్టి నమూనా తీసేటప్పుడు తడవాల్సిందే, అమ్మగారికి ముందే చెప్పండి.

మంచు మీదికి పోవాలన్న కోరిక ఉంటే, ధ్రువ పరిశోధనలు చూసే జాతీయ కేంద్రం గోవాలో ఉంది, ప్రతిపాదనలు అక్కడికే పంపాలి. పళ్ళికరణైలో ఉన్న సముద్ర సాంకేతిక సంస్థవాళ్ళు 2014లో ఆర్కిటిక్ కొంగ్స్‌ఫియోర్డెన్ నీళ్ళలో ఇండార్క్ అనే పరికరాల గొలుసు దింపారు, హిమాద్రికి దగ్గర్లోనే. మీ కాలేజీ నుంచి ఒక ఆటో దూరంలో అక్కడికి వెళ్ళి వచ్చినవాళ్ళు ఉంటారు. అడిగితే కాదనరు.

కానీ ముందు వాన పట్టకండి. పది ఖాళీ సీసాల్లో ల్యాబ్ నీళ్ళు పోసి, మేడ మీద ఒక పూట మూతలు తీసి పెట్టి, తెచ్చి నమూనాలాగే చివరిదాకా నడపండి. సెప్టెంబరు లోపు ఆ పది అంకెలు వస్తాయి కదా, ఇక్కడే పెట్టండి, నేను చూస్తాను.